కారులో పెద్ద స్క్రీన్ ఉండనీండి, ఏసీ నాబ్‌లు మాత్రం వదులుకోకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చిత్తూరులో ఉంటారు, కొత్త కారు కొనాలి. ఎక్కువగా నడిపేది అరవై దాటిన మీ నాన్నగారు. నెలకోసారి తిరుమల, అప్పుడప్పుడూ బెంగళూరు, మిగతా రోజుల్లో ఊళ్లో తిరుగుడు. ఇంచుమించు ఒకే ధరలో రెండు కార్లు చూశారు. ఒకదాంట్లో ఏసీతో సహా అన్నీ పెద్ద టచ్‌స్క్రీన్‌లోనే. రెండోదాంట్లో స్క్రీన్ కాస్త చిన్నది, దాని కింద మామూలు నాబ్‌లు, బటన్లు ఉన్నాయి. షోరూమ్‌లో కుర్రాడేమో బటన్లు పాతకాలపువి, ఇక ముందు వచ్చేవన్నీ స్క్రీన్లే అన్నాడు. మీ తమ్ముడికి స్క్రీన్ కావాలి, నాన్నగారికి బటన్లు కావాలి. ఇది నిజంగా ప్రమాదానికి సంబంధించిన విషయమా, లేక పెద్దవాళ్లకు అలవాటు కాక అనే మాటా? మన ఎండలకు ఆ స్క్రీన్ ఎన్నాళ్లు ఆగుతుంది? రెండో కారు కొని, తర్వాత పెద్ద స్క్రీన్ మార్పించుకోవచ్చా?

నేను తిరుపతిలో కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను. అంతకుముందు చాలా ఏళ్లు ట్రావెల్స్ బండ్లు నడిపాను, ఎక్కువగా తిరుమల ఘాట్ మీద. అందుకని డ్రైవరు సీట్లోంచి ఎలా ఉంటుందో, డ్యాష్‌బోర్డు ఊడదీస్తే లోపల ఎలా ఉంటుందో రెండూ చూసినవాణ్ని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: రెండో కారే తీసుకోండి. మీ నాన్నగారు అడుగుతున్నది సరైనదే.

అలాగని స్క్రీన్ చెడ్డదని నేను అనడం లేదు. బండి కదులుతున్నప్పుడు చేయాల్సిన పనులు కొన్ని ఉంటాయి, ఆగి ఉన్నప్పుడు చేసుకోగలిగినవి కొన్ని ఉంటాయి. మొదటి రకం పనులకు చూపు రోడ్డు మీదే ఉండాలి, చెయ్యి తన పని తాను చేసుకుపోవాలి. రెండో రకం పనులు స్క్రీన్‌లో ఏ మూలన ఉన్నా నాకు అభ్యంతరం లేదు. గొడవంతా మొదటి రకం పనుల్ని కూడా స్క్రీన్‌లోకి తోసేయడంతోనే వచ్చింది.

అసలు తేడా ఎక్కడుందో చూడండి. నాబ్‌ను ముందు తాకుతాం, తర్వాత తిప్పుతాం. ఆ రెండింటికీ మధ్య వేలికి కొంత వ్యవధి దొరుకుతుంది. చెయ్యి తడుముకుంటూ వెళ్లి, అంచు తగిలి, "ఇది ఫ్యాన్‌ది, ఇది కాదు, పక్కది" అని తేల్చుకున్నాకే తిప్పుతుంది. పొరపాటున పక్క బటన్‌ను తాకినా ఏమీ జరగదు, నొక్కితేనే జరుగుతుంది. ఇప్పటి కార్లలో ఉండే కెపాసిటివ్ స్క్రీన్‌లో తాకడమే నొక్కడం. గాజు కింద కంటికి కనిపించని విద్యుత్ పొర ఉంటుంది, వేలు తగలగానే ఆ చోట చార్జి మారుతుంది, అంతే, పని అయిపోయినట్టే. కాబట్టి స్క్రీన్ మీద తడుముకోవడం అనేదే కుదరదు. వేలు పెట్టే ముందు కచ్చితంగా చూడాలి, పెట్టాక సరిగ్గా పడిందో లేదో మళ్లీ చూడాలి. గతుకుల రోడ్డు మీద అయితే ఆ వేలు అనుకున్న చోట పడదు. పైగా అరచేయి ఆనించుకోవడానికి ఎక్కడా ఆధారం ఉండదు, చెయ్యి గాల్లో ఊగుతూ ఉంటుంది.

ఇదంతా పుస్తకంలో మాటలా అనిపిస్తే, కార్తీక మాసంలో వాన పడుతున్నప్పుడు రెండో ఘాట్ ఎక్కే కారులో కూర్చున్నట్టు ఊహించుకోండి. మనకు ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దంచుతాయి. అలిపిరి దగ్గర చెకింగ్‌కి దిగి, కాస్త తడిసి, మళ్లీ ఎక్కుతారు. కారులో ఐదుగురు. తడి బట్టలు, తడి చెప్పులు, ఐదుగురి ఊపిరి. వాన లోపలికి కొడుతుందని అద్దాలన్నీ ఎత్తేస్తారు. పిల్లలకు చలిగా ఉందని ఏసీ కట్టేస్తారు. పైకి వెళ్లేకొద్దీ బయట చల్లబడుతుంది, ముందు అద్దం చల్లబడుతుంది. లోపలి గాల్లో ఉన్న తేమ అంతా ఆ చల్లటి అద్దం మీద పేరుకుంటుంది. ముందు పల్చగా పొగ పట్టినట్టు ఉంటుంది, రెండు మలుపులు తిరిగేసరికి ముందు వెళ్లే బస్సు వెనక లైట్లు ఎర్రటి మరకల్లా మారిపోతాయి. చాలామంది అప్పుడు చేసే పని, చేత్తోనో గుడ్డతోనో తుడవడం. తుడిచిన చోట జిడ్డు గీతలు పడి, ఎదురు వెలుతురుకు ఇంకా అధ్వానంగా కనిపిస్తుంది.

చేయాల్సింది ఏమిటంటే ఏసీ వేయాలి, గాలిని ముందు అద్దం వైపు తిప్పాలి, లోపలి గాలే తిరిగే మోడ్ తీసేసి బయటి గాలి రానివ్వాలి, ఫ్యాన్ పెంచాలి. వేడి కూడా కాస్త పెంచుకుంటే ఇంకా మంచిది. ఏసీ అనేది చల్లదనానికే అని చాలామంది అనుకుంటారు. గాలిలోని తేమను లాగేసేది కూడా అదే, అందుకే వానాకాలంలో అద్దానికి ఏసీ కావాలి. చాలా కార్లలో ముందు అద్దం బొమ్మ మీద వంకర బాణాలున్న ఒక్క బటన్ నొక్కితే ఈ పనుల్లో చాలా భాగం దానంతటదే అయిపోతుంది. ఆ బటన్ నిజమైన బటన్ అయితే, అలవాటైన చెయ్యి మలుపు మధ్యలో కూడా దాన్ని వెతికి పట్టుకుంటుంది. అదే స్క్రీన్ లోపల ఉంటే? అప్పటికి స్క్రీన్ మీద మ్యాప్ ఉంటుంది, లేదా పాట బొమ్మ ఉంటుంది, లేదా సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి ఫోన్ వచ్చి స్క్రీన్ నిండా పేరు కనిపిస్తుంటుంది. దాన్ని పక్కకు జరపాలి, ఏసీ పేజీ తెరవాలి, అందులో చిన్న బొమ్మను వెతకాలి. వేలు తడిగా ఉంటే స్క్రీన్ ఒక్కోసారి పట్టించుకోదు, ఒక్కోసారి పక్కదాన్ని పట్టుకుంటుంది.

ఘాట్‌లో ఎలాగూ నెమ్మదిగానే వెళ్తాం కదా అనొచ్చు. నిజమే, ఎక్కడానికీ దిగడానికీ కనీసం ఇంత సమయం పట్టాలని టీటీడీ నియమం పెట్టింది కూడా అందుకే. అయినా గంటకు 30 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఎనిమిది మీటర్లు పోతాం. రెండు సెకన్లు కిందికి చూస్తే పదహారు మీటర్లు. హెయిర్‌పిన్ మలుపులో పదహారు మీటర్లంటే స్టీరింగ్ తిప్పాల్సిన చోటు దాటిపోవడమే. పూతలపట్టు, చంద్రగిరి మీదుగా వచ్చే హైవే మీద 80లో ఉంటే సెకనుకు ఇరవై రెండు మీటర్లు.

ఈ రెండు సెకన్ల లెక్క నా సొంతం కాదు. అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2013లో కార్ల కంపెనీలకు మార్గదర్శకాలు ఇచ్చింది. కారులో అమర్చిన పరికరం మీద ఏ పని చేయాలన్నా ఒక్కో చూపు రెండు సెకన్లు మించకూడదు, మొత్తం పనికి చూపు మళ్లే సమయం పన్నెండు సెకన్లు దాటకూడదు అని. అవి మార్గదర్శకాలే, చట్టం కాదు. కంపెనీలు వాటిని ఎంతవరకు పట్టించుకున్నాయో 2022లో స్వీడన్ పత్రిక వీ బిలాగరే చేసిన పరీక్ష చూస్తే తెలుస్తుంది.

ఆ పరీక్షను వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు లేదు. విమానాల రన్‌వే మీద పన్నెండు కార్లు పెట్టారు. పదకొండు కొత్తవి, ఒకటి 2005 నాటి వోల్వో వీ70. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో వెళ్తూ డ్రైవరు నాలుగు పనులు చేయాలి: సీటు హీటరు పెంచి అద్దం మీది ఆవిరి తీసే మోడ్ వేయడం, రేడియో పెట్టి ఒక స్టేషన్‌కి మార్చడం, ట్రిప్ మీటరు సున్నా చేయడం, లైట్ల వెలుతురు తగ్గించి మధ్య స్క్రీన్ ఆపేయడం. పరీక్షకు ముందు కారును అలవాటు చేసుకోవడానికి సమయం కూడా ఇచ్చారు. నిండా బటన్లున్న పాత వోల్వోలో మొత్తం పది సెకన్లలో అయిపోయింది, ఆలోగా కారు 306 మీటర్లు వెళ్లింది. అన్నింటికంటే వెనకబడిన ఎంజీ మార్వెల్ ఆర్‌లో 44.9 సెకన్లు పట్టింది, కారు 1,372 మీటర్లు పోయింది. బీఎండబ్ల్యూ ఐఎక్స్‌లో కూడా ముప్పై సెకన్లు దాటింది.

ఇందులో చాలామంది చెప్పకుండా వదిలేసే సంగతి ఒకటుంది. అదే పరీక్షలో వోల్వో సీ40 పధ్నాలుగు సెకన్ల లోపే ముగించింది. దానికీ టచ్‌స్క్రీనే, కానీ పెట్టినవి కొన్నే, పెట్టిన తీరు తేలిగ్గా ఉంది. చవక కారు డేసియా శాండెరో కూడా దాదాపు అంతే సమయంలో ముగించింది. కాబట్టి స్క్రీన్ ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటే కాదు. ఎన్ని మెట్లు దిగితే ఆ పని దొరుకుతుందనేదే చూడాలి. మీ తమ్ముడితో మాట్లాడేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి, ఒకవైపే చెప్తే ఒప్పుకోడు.

ఇది పెద్దవాళ్ల అలవాటు సమస్యేనా అని అడిగారు. కాదు. అలవాటైతే మెరుగవుతుంది, అది నిజమే. కానీ ఎంత అలవాటైనా గాజును చూడకుండా వాడలేం. దానికి తోడు ఒకసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తే అలవాటైన బొమ్మ వేరే చోటికి మారిపోతుంది. అరవై దాటాక ఇంకో ఇబ్బంది చేరుతుంది. చత్వారం వచ్చిన కంటికి దూరం నుంచి దగ్గరికి చూపు మార్చుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. రోడ్డు మీది చూపును స్క్రీన్ మీదికి, మళ్లీ స్క్రీన్ మీంచి రోడ్డు మీదికి మార్చడంలోనే పాతికేళ్ల కుర్రాడికంటే మీ నాన్నగారికి ఎక్కువ సమయం పోతుంది. బైఫోకల్ కళ్లద్దాలుంటే తల కూడా వంచాల్సి వస్తుంది. రాత్రిపూట ఇంకో బాధ. ఘాట్‌లో వీధి దీపాలు లేని చోట పెద్ద స్క్రీన్ వెలుగు కళ్లలో కొడుతుంటే బయటి చీకట్లో ఉన్నది సరిగా కనబడదు. కొన్ని కార్లలో ఆ వెలుగు తగ్గించే ఆప్షన్ కూడా నాలుగో పేజీలో ఉంటుంది.

మరి ఇన్ని ఇబ్బందులుంటే కంపెనీలు ఎందుకు పెడుతున్నాయి? డ్యాష్‌బోర్డు ఊడదీసేవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. ఒక్కో బటన్‌కు ఒక అచ్చు కావాలి, లోపల ఒక చిన్న బోర్డు, వైర్లను కలిపే కప్లర్, వైర్లు, వెనక లైటు, మీద బొమ్మ ముద్ర, అన్నీ బిగించడానికి ఒక మనిషి. బటన్ ఎన్నేళ్లు ఆగుతుందో వేలసార్లు నొక్కి పరీక్షించాలి. ఎలాగూ వెనక కెమెరా కోసం, మ్యాప్ కోసం ఒక స్క్రీన్ పెట్టక తప్పదు. ఆ స్క్రీన్‌లోకే ఏసీ, లైట్లు, అద్దాల సర్దుబాటు తోసేస్తే ఆ ఖర్చంతా మిగులుతుంది. డిజైన్ పూర్తయ్యాక కూడా ఫీచర్లు కలపొచ్చు, తీసేయొచ్చు. ఒకే విడిభాగం నాలుగు మోడళ్లకు సరిపోతుంది. దీనికి తోడు షోరూమ్‌లో లైట్ల కింద ఆగి ఉన్న కారులో పెద్ద స్క్రీన్ చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. 2012లో టెస్లా మోడల్ ఎస్ పదిహేడు అంగుళాల స్క్రీన్‌తో వచ్చాక అందరూ ఆ దారి పట్టారు. మన దగ్గర 2019లో ఎంజీ హెక్టర్ 10.4 అంగుళాల నిలువు స్క్రీన్‌తో దిగింది, 2024లో వచ్చిన విండ్సర్‌లో అది 15.6 అంగుళాలైంది.

రాబోయేవన్నీ స్క్రీన్లే అన్న మాట మాత్రం తప్పు. చరిత్ర చూస్తే ఇది ముందుకు వెళ్లి వెనక్కి రావడం కొత్తేమీ కాదు. 1986లోనే అమెరికాలో బ్యూక్ రివియెరా కారులో పాత టీవీ లాంటి టచ్‌స్క్రీన్ పెట్టి ఏసీ, రేడియో అందులోకి మార్చారు. కొన్నవాళ్లు విసుక్కున్నారు, కొన్నేళ్లకే తీసేశారు. మన కళ్ల ముందు జరిగింది చెప్పాలంటే, 2014లో వచ్చిన హోండా సిటీ టాప్ మోడళ్లలో ఏసీకి నున్నటి టచ్ ప్యానెల్ ఉండేది. 2020లో కొత్త సిటీ వచ్చేసరికి గుండ్రటి నాబ్‌లు తిరిగి వచ్చాయి. ఫోక్స్‌వ్యాగన్ అయితే గోల్ఫ్ ఎనిమిదో తరంలో ధ్వనికీ ఉష్ణోగ్రతకూ తాకి జరిపే పట్టీలు పెట్టింది, వాటికి మొదట్లో లైటు కూడా లేదు, రాత్రి కనబడేవే కావు. కొన్నవాళ్ల నుంచి తిట్లు పడ్డాక, ధ్వని, రెండు వైపుల ఉష్ణోగ్రత, ఫ్యాన్, హజార్డ్ లైట్లకు (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి మెరిసేవి) ఇకనుంచి అన్ని కార్లలో బటన్లు ఉంటాయని ఆ కంపెనీ డిజైన్ అధిపతి ఆండ్రియాస్ మింట్ 2025లో ప్రకటించాడు.

యూరప్‌లో కార్ల భద్రతకు నక్షత్రాలు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి కొత్త నియమాలు తెచ్చింది. ఇండికేటర్, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్, అత్యవసర సహాయ కాల్, ఈ ఐదింటికి విడిగా బటన్‌గానీ కాడగానీ లేకపోతే మార్కులు తగ్గుతాయి. మన భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు నుంచి నడుస్తోంది, అందులో ఎక్కువగా చూసేది గుద్దుకున్నప్పుడు లోపలివాళ్లకు ఏమవుతుందనేది. కాబట్టి ఐదు నక్షత్రాలు చూసి బటన్ల సంగతి కూడా బాగుందనుకోకండి, అది మీరే చూసుకోవాలి.

సముద్రం మీద కూడా ఇదే పాఠం చాలా ఖరీదుకు నేర్చుకున్నారు. 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెక్‌కెయిన్ ఒక ట్యాంకరును ఢీకొంది, పదిమంది నావికులు చనిపోయారు. ఓడ వేగం, దిశ మార్చే పని టచ్‌స్క్రీన్‌ల మీద ఉంది. ఎవరి స్క్రీన్ నుంచి ఏది నడుస్తోందో అక్కడున్నవాళ్లకు అర్థం కాలేదు. శిక్షణ లోపాలూ ఉన్నాయి, స్క్రీన్ ఒక్కటే కారణం కాదు. అయినా 2019లో నౌకాదళం ఆ తరగతి ఓడలకు చేత్తో తోసే లివర్లు తిరిగి పెట్టాలని నిర్ణయించింది. అదంతా శిక్షణ పొందిన సిబ్బంది ఉన్న ఓడ. కారులో డ్రైవరు ఒక్కడే.

జర్మనీలో 2020లో కార్ల్స్‌రూహెలోని పై కోర్టు ఇచ్చిన తీర్పు కూడా చెప్పాలి. గట్టి వానలో టెస్లా నడుపుతున్న వ్యక్తి వైపర్ వేగం మార్చడానికి స్క్రీన్ మెనూలోకి వెళ్లి, రోడ్డు దిగి చెట్లను గుద్దాడు. కారుకే అమర్చిన స్క్రీన్ అయినా ఫోన్‌లాగే అది కూడా ఎలక్ట్రానిక్ పరికరమేనని కోర్టు చెప్పి, 200 యూరోల జరిమానా, నెలరోజుల డ్రైవింగ్ నిషేధం ఖాయం చేసింది. మన మార్కెట్లో ఉన్న మామూలు కార్లలో వైపర్, ఇండికేటర్, హెడ్‌లైటు స్టీరింగ్ పక్కన కాడల మీదే ఉంటాయి, అంతవరకు నయం. కానీ కొన్ని కొత్త ఎలక్ట్రిక్ కార్లలో హెడ్‌లైట్లు, పక్క అద్దాలు కూడా స్క్రీన్‌లోకి వెళ్లిపోయాయి. అద్దాలంటే ఆగినప్పుడు సర్దుకోవచ్చు. లైట్లు అలా కాదు.

ఎలక్ట్రిక్ కారు కూడా చూస్తున్నారేమో తెలియదు, చూస్తుంటే మాత్రం ఇది తప్పక అడగండి. మొదటి ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు బండిని రెండో గేర్‌లో దించుతాం, బ్రేకు వేడెక్కకుండా. ఎలక్ట్రిక్ కారులో ఆ పని చేసేది రీజెన్, అంటే మోటారే బండిని పట్టి ఉంచి బ్యాటరీకి కరెంటు పంపడం. అది ఎంత బలంగా పట్టాలో మార్చుకునే ఏర్పాటు స్టీరింగ్ వెనక ప్యాడిల్‌గా ఉంటే వేళ్లతో ఒక నొక్కు, చూడక్కర్లేదు. స్క్రీన్‌లో ఉంటే కొండ మీదే పార్కింగ్‌లో సెట్ చేసుకుని బయలుదేరాలి. బ్యాటరీ పూర్తిగా నిండి ఉంటే రీజెన్ సరిగా పట్టదు కూడా, అందుకని పైన వంద శాతం చార్జ్ చేసి దిగకండి.

ఇప్పుడు ఎండ, రిపేరు సంగతి. ఏప్రిల్, మే నెలల్లో రేణిగుంట వైపు ఎండలో నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేం. కంపెనీ బిగించి ఇచ్చే స్క్రీన్లు ఆ వేడికి తట్టుకునేలా చేసినవే, వాటి గురించి మరీ టెన్షన్ పడక్కర్లేదు. వేడెక్కినప్పుడు కొంతసేపు మెల్లగా పనిచేయడం, వెలుగు దానంతటదే తగ్గడం జరుగుతుంది, చల్లబడితే సర్దుకుంటుంది. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి బయట చవగ్గా పెట్టించిన స్క్రీన్లు. గాజుకూ లోపలి పొరకూ మధ్య జిగురు వదిలి బుడగలు వస్తాయి. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోకుండానే స్క్రీన్ తనకు తానే నొక్కుకుంటూ ఉంటుంది, ఘోస్ట్ టచ్ అంటారు. పాట మారిపోతుంది, ఫోన్ కలిసిపోతుంది. అలాంటి స్క్రీన్‌లోనే ఏసీ కూడా ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

చెడిపోయినప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. నాబ్‌లున్న మాన్యువల్ ఏసీలో తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటుంది: ఫ్యాన్ ఒకటి, రెండు, మూడులో తిరగదు, నాలుగులో మాత్రం గట్టిగా తిరుగుతుంది. గ్లోవ్ బాక్స్ వెనక బ్లోవర్ (గాలి విసిరే ఫ్యాన్ మోటారు) దగ్గరుండే రెసిస్టర్, అంటే కరెంటు తగ్గించి స్పీడు మార్చే ముక్క, కాలిపోయిందని అర్థం. నాలుగో స్పీడుకు కరెంటు ఆ రెసిస్టర్‌తో పనిలేకుండా నేరుగా వెళ్తుంది కాబట్టి అది ఒక్కటీ పనిచేస్తుంది. చిన్న ముక్క, మార్చేయడం అరపూట పని కూడా కాదు, అప్పటిదాకా ఆ నాలుగో స్పీడుతోనే ఇంటికి చేరుకోవచ్చు. అంటే ఒకటి చెడితే ఒకటే చెడుతుంది. అన్నీ ఒకే స్క్రీన్‌లో ఉన్నప్పుడు ఆ స్క్రీన్ పోతే పాట, మ్యాప్, వెనక కెమెరా, ఏసీ అన్నీ ఒకేసారి పోతాయి. మాలాంటివాళ్లం ముక్క మార్చలేం, మొత్తం యూనిట్ తెప్పించాలి, కంపెనీ సర్వీస్‌లో దాన్ని కారుకు కోడింగ్ చేయాలి. 2021లో టెస్లా అమెరికాలో దాదాపు లక్షా ముప్పై అయిదు వేల కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. స్క్రీన్ కంప్యూటర్‌లో ఉన్న మెమరీ చిప్ రాసి రాసి అరిగిపోవడం వల్ల స్క్రీన్ ఆగిపోయి, వెనక కెమెరా, అద్దం ఆవిరి తీసే ఏర్పాటు పనిచేయకుండా పోయేవి. ఈ మాట మీ తమ్ముడికి వారంటీ గురించి చెప్పేటప్పుడు పనికొస్తుంది: స్క్రీన్‌కు వారంటీ ఎన్నేళ్లు, ఎక్స్‌టెండెడ్ వారంటీలో అది వస్తుందా రాదా అని కాగితం మీద చూపించమనండి.

స్క్రీన్‌కూ బటన్‌కూ మధ్యలో మూడో రకం ఒకటుంది, దాని దగ్గర జాగ్రత్త. స్క్రీన్ కింద విడిగా నల్లటి నున్నటి పలక, దాని మీద వెలిగే ఏసీ బొమ్మలు. చూడ్డానికి బటన్లలాగే ఉంటాయి, చోటు కూడా మారదు, కానీ తడిమితే ఏదీ చేతికి తగలదు. వేలిముద్రలు, దుమ్ము, మధ్యాహ్నం ఎండ పడితే బొమ్మలే కనబడవు. కొన్ని కార్లలో ఇలాంటి పలక మీదే ఉష్ణోగ్రతకూ ఫ్యాన్‌కూ పైకీ కిందికీ కదిలే నిజమైన మీటలు రెండు పెట్టారు, 2023లో మారిన టాటా నెక్సాన్‌లో అలాగే ఉంది. అది ఫర్వాలేదు, ముఖ్యమైనవి చేతికి అందుతాయి. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ చిన్న ఎస్‌యూవీల్లో చిత్రంగా కింది వేరియంట్లలో గుండ్రటి నాబ్‌లు, పై వేరియంట్లలో టచ్ పలక వస్తుంది. ఎక్కువ డబ్బు పెడితే ఎక్కువ సౌకర్యం వస్తుందని ఈ విషయంలో అనుకోవద్దు, వేరియంట్ వేరియంట్‌కూ చూడాలి.

మాటతో చెప్తే చేసే వాయిస్ కమాండ్ ఉంది కదా అని మీ తమ్ముడు అనొచ్చు. కిటికీలు మూసి ఉండి, ఒక్కరే ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది. ఐదుగురు మాట్లాడుకుంటూ, వాన కారు పైకప్పు మీద మోగుతూ ఉన్నప్పుడు దాన్ని నమ్ముకోలేం. చెప్పింది అర్థమైందో లేదో చూడ్డానికి మళ్లీ స్క్రీన్ వైపే చూస్తాం.

అయితే స్క్రీన్ చేసే మేలు చిన్నదేమీ కాదు. తిరుపతిలో తీర్థకట్ట వీధి, గాంధీ రోడ్డు వైపు బండి వెనక్కి తీయాల్సి వస్తే వెనక కెమెరా ప్రాణం కాపాడుతుంది, వెనక చిన్నపిల్లలు నిలబడి ఉంటే అద్దాల్లో కనబడరు. మన దేశంలో 2019 జులై నుంచి కార్లకు వెనక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి చేశారు, కెమెరా దానికి తోడుగా ఉంటే ఇంకా మంచిది. మ్యాప్ పెద్దగా కనబడటం కూడా మేలే, ఫోన్‌ను డ్యాష్‌బోర్డు మీద అతికించి తొంగి చూడటం కంటే వెయ్యి రెట్లు నయం. మీరు చూసిన రెండో కారులో ఈ రెండూ ఎలాగూ ఉన్నాయి.

టెస్ట్ డ్రైవ్‌కి మీ నాన్నగారినే డ్రైవరు సీట్లో కూర్చోబెట్టండి. బండి ఆగి ఉండగా ముందు ఒకసారి అన్నీ ఎక్కడున్నాయో చూపించండి. తర్వాత ఆయన్ని కళ్లు మూసుకోమని చెప్పి ఒక్కొక్కటే అడగండి: ఫ్యాన్ పెంచండి, ముందు అద్దానికి గాలి తిప్పండి, పాట ధ్వని తగ్గించండి, హజార్డ్ లైట్లు వేయండి. ఆయన చెయ్యి తడబడి అయినా సరే చేరుకుంటే ఆ కారు పాసైనట్టు. హజార్డ్ బటన్ మరీ ముఖ్యం. బెంగళూరు నుంచి వస్తూ పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగుతారు కదా, ముందు బండ్లు ఒక్కసారిగా ఆగితే వెనక వచ్చే లోడు లారీకి తెలియాలంటే ఒక్క క్షణంలో ఆ లైట్లు వెలగాలి. కారు కదిలాక ఇవే పనులు మళ్లీ చేయించి, మీరు పక్కన కూర్చుని ఆయన కళ్లను గమనించండి. ఎన్నిసార్లు కిందికి చూస్తున్నారో, ఎంతసేపు చూస్తున్నారో మీకే తెలుస్తుంది. వీలైతే మధ్యాహ్నం ఎండలో ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి తీసుకోండి. డీలర్లు అడిగితే ఒప్పుకుంటారు.

ఇంట్లో అందరూ కలిసి మొదటి కారే అనుకుంటే కూడా కంగారు లేదు, కొన్ని జాగ్రత్తలతో వాడుకోవచ్చు. స్టీరింగ్ మీద ఇష్టమైన పనికి పెట్టుకునే బటన్ ఉంటే దాన్ని పాటకు కాకుండా అద్దం ఆవిరి తీయడానికో ఏసీ పేజీకో పెట్టండి. ఏసీని ఆటో మోడ్‌లో ఉంచి 24, 25 దగ్గర వదిలేస్తే ముట్టుకునే పని చాలావరకు తప్పుతుంది. స్క్రీన్ వెలుగు దానంతటదే తగ్గేలా సెట్ చేయండి. ఘాట్ ఎక్కేముందు అలిపిరిలోనే ఏసీ వేసి, గాలి అద్దం మీదికి తిప్పి బయలుదేరితే ఆవిరి పట్టే అవకాశమే తక్కువ. పక్క సీట్లో కూర్చున్నవాళ్లకు ఆ పేజీ వాడటం నేర్పండి. లోపలి నుంచి ముందు అద్దాన్ని జిడ్డు లేకుండా తుడిచి ఉంచితే ఆవిరి కూడా ఆలస్యంగా పడుతుంది.

ఇక రెండో కారు తీసుకుని, తర్వాత మీ తమ్ముడి ముచ్చట కోసం స్క్రీన్ పెద్దది మార్పిద్దామా అని అడిగారు. ఏసీ నాబ్‌లు విడిగా ఉన్న కారులో అది చేసుకోవచ్చు, స్క్రీన్ పాడైనా ఏసీకి ఏమీ కాదు. కానీ ముందు కంపెనీ వారంటీ మీద దాని ప్రభావం ఏమిటో రాతపూర్వకంగా కనుక్కోండి. మీ మోడల్‌కు సరిపోయే కప్లర్ సెట్ దొరుకుతుంది, దాంతో పాత వైరింగ్‌ను ముట్టుకోకుండా బిగించవచ్చు. స్టీరింగ్ బటన్లు, వెనక కెమెరా కొత్త స్క్రీన్‌తో పనిచేస్తున్నాయో లేదో షాపు నుంచి కదలకముందే చూసుకోండి. కప్లర్ లేదు, వైరు కత్తిరించి టేపు చుడతాం అంటే మాత్రం అక్కడ చేయించకండి. పెద్ద మంటలకు కారణం అలాంటి అతుకులే అవుతుంటాయి.